గంధకపు గది వాకిట్లో డిప్యూటీ

మా అక్క ఎల్విరా బర్రగాన్ ముప్పై ఏళ్లుగా శాన్ హోసే తూర్పు పేటలో స్కూలు బస్సు నడుపుతోంది. యూనియన్ మీటింగులో ఆమె లేచి నిలబడితే పైఅధికారులు మంచినీళ్ల గ్లాసు వెతుక్కుంటారు. వర్షంలో పిల్లలు తడుస్తున్నారని, మూడు బస్టాపులకు పైకప్పు వేసేదాకా నగరసభ వాళ్లను నిద్రపోనివ్వని మనిషి. ఎవరికీ భయపడదని ఊరంతా అనుకుంటుంది. ఒక్క మనిషికి భయపడేదని నాకు తెలుసు. ఆయన మా అమ్మ తమ్ముడు, ఫిదెన్సియో మామయ్య. ఆయన అరిచి ఎరగడు, చెయ్యెత్తి ఎరగడు. అయినా నలభై నాలుగేళ్లు ఆమె ఆయన ఎదుట పడలేదు.

బస్సులో పిల్లలు అల్లరి చేస్తే అక్క కాపర్ గల్చ్ గురించి చెప్పేది. ఈ పిల్లలెవరూ దాన్ని చూడలేదు. వాళ్లు పుట్టకముందే మూతపడింది, ఇప్పుడక్కడ అపార్టుమెంట్లున్నాయి. పాతకాలపు గుర్రపు రౌతుల ఊరిలా కట్టిన వినోదాల పార్కు అది. చెక్క కొట్లు, సారా అంగడి, బ్యాంకు, జైలు. చెరువులో పొడుగాటి పడవ ఉండేది, దాని కింద పట్టాలేమీ లేవు, పిల్లలు తెడ్డు వేస్తేనే కదిలేది, వెయ్యకపోతే నడిచెరువులో నిలబడిపోయేది. పాతకాలపు కార్లుండేవి, మనమే తిప్పుతున్నామనుకుంటాం, తీరా చూస్తే కింద ఇనుపపట్టా దాని దారిన అది తీసుకుపోతుంటుంది. గనిలోకి దూరే చిన్న రైలు ఉండేది. అన్నీ చెప్పేది అక్క. గుర్రాల బండి గురించి మాత్రం చెప్పేది కాదు. ఆ సంగతి నేను ఒక్కదాన్నే కనిపెట్టాను.

మేము కాపర్ గల్చ్‌ను చూడకముందు మూడు వేసవులు విన్నాం. పార్కు గోడకు ఇవతల ఆప్రికాట్ తోటలు, ఆ తోటల్లో మేము. మగవాళ్లు నిచ్చెనలెక్కి పళ్లు కోసేవాళ్లు. ఆడవాళ్లూ పిల్లలూ కొట్టంలో కూర్చుని పండును నిలువునా కోసి, గింజ తీసి, చెక్క పళ్లేల్లో వెల్లకిలా పేర్చేవాళ్లం. పదింటికి గోడ అవతల రైలు కూత వినపడేది. ఆ తర్వాత గంట గంటకూ తుపాకుల చప్పుడు. జైలు ముందు షెరీఫు, అంటే ఆ ఊరి పోలీసు పెద్ద, బందిపోటును కాల్చే నాటకం అది. మా దగ్గర గడియారం ఉండేది కాదు. రెండోసారి తుపాకి మోగగానే అమ్మ, "రెండోవాడూ చచ్చాడు, లేచి నీళ్లు తాగండి" అనేది. అయిదోవాడు చస్తే మాకు ఇంటికెళ్లే వేళ. అవతల టిక్కెట్టు కొన్న పిల్లల కేరింతలు, ఇవతల మా చేతివేళ్ల సందుల్లో జిగట. మధ్యలో ఉన్నది ఒక్క చెక్కగోడ. దాన్ని ఎవరు ఎందుకు కట్టారో ఆ వయసులో తెలియదు కానీ, అక్క దాని కన్నంలోంచి చూస్తూ పని చెడగొట్టుకునేది, అమ్మ చేత తిట్లు తినేది.

పళ్లేలు నిండాక వాటిని ఒకదాని మీద ఒకటి బండి మీద పేర్చి, చిన్న ఇనుప పట్టాల మీద గంధకపు గదికి తోసేవాళ్లు. కిటికీల్లేని చెక్క గది అది. లోపల మూకుడులో గంధకం అంటించి తలుపు మూసేస్తే, పొగకు పండు రంగు చెడకుండా ఉంటుంది. తెల్లారి తలుపు తీసి, పొగ పోయాక పళ్లేలను ఎండలో పరుస్తారు. ఆ బండి తోసేవాడు మా మామయ్య. ఖాళీ బండి వెనక్కి వచ్చేటప్పుడు మా ఇద్దర్నీ ఎక్కించుకుని పరుగెత్తేవాడు, నోటితోనే రైలు కూత వేసేవాడు. మా మొదటి సవారీ అదే. ఈనాటికీ అంతకంటే మంచిది ఎక్కలేదంటాను నేను. అక్క ఒప్పుకోదు.

మామయ్యకు అప్పుడు ఇరవయ్యారేళ్లు. సరిహద్దు అవతలి దేశంలో హలీస్కో ఎగువ పల్లెల నుంచి వచ్చాడు. అక్కడ నడక రాకముందే గుర్రమెక్కినవాడని అమ్మ చెప్పుకునేది. ఇక్కడ ఎక్కింది నిచ్చెన. ఇంగ్లీషు ముక్క రాదు. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు. ఆ రోజుల్లో మా తోటలో సగం మందికి లేవు, ఆ సంగతి యజమానికి మాకంటే బాగా తెలుసు. పళ్లు కోయించుకునేటప్పుడు ఎవరూ కాగితాలడగరు.

1974 జులైలో ఒక ఆదివారం, పండు ఇంకా గట్టిగానే ఉందని మాకు సెలవిచ్చారు. పొద్దున్నే మామయ్య స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. "గోడకి కన్నాలు పెట్టి పెట్టి తోట పాడుచేస్తోంది ఈ దొరసాని. పదండి, తలుపులోంచి చూపిస్తా" అన్నాడు. అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఆరు.

పడవ ఎక్కాం. తెడ్డు వేయడంలో అక్క ముందున్న పిల్లవాణ్ణి తడిపేసింది. కార్లెక్కాం. గనిరైలులో చీకట్లో మామయ్య నా చేయి పట్టుకున్నాడు, భయం నాకని అందరితో చెప్పాడు, బయటికొచ్చినా చెయ్యి వదలనిది ఆయనే. జైలు ముందు నాటకం చూశాం. బందిపోటుకు బొగ్గుతో గీసిన మీసం, గొడుగంత టోపీ, భుజాన చారల దుప్పటి, పేరు పాంచో. నేల మీద పడి గిలగిల కొట్టుకుంటుంటే జనం చప్పట్లు. అందరికంటే గట్టిగా మామయ్యే కొట్టాడు. "వాడు మనవాడా?" అని అక్క అడిగితే, "మనవాడైతే తుపాకి తీయడానికి అంతసేపు పడుతుందా?" అన్నాడు.

నాకు ఇప్పుడు నవ్వు రాదు. ఆ ఉచ్చుతాడు, ఆ జీను, ఆ తోలు కాళ్లతొడుగులు, పశువుల వెంట గుర్రం మీద తిరిగే ఆ బతుకంతా ఇక్కడివాళ్లు మావాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ ఊళ్లో మావాళ్లకు మిగిల్చిన వేషం మాత్రం గంటకోసారి చచ్చేది.

చివరికి నాలుగు గుర్రాల బండి దగ్గరికొచ్చాం. బండి తోలేది వెర్న్ అనే ముసలాయన. వరసలో నిలబడి ఉండగా మామయ్య కుడివైపు గుర్రాన్ని చూశాడు. మెడపట్టీ ఒరుసుకుని చర్మం ఎర్రగా లేచింది. "ఎల్విరా, ఈ తాతకి చెప్పు, ఇది మెడపట్టీయా ఉరితాడా అని." అక్క మా ఇంటి దుబాసీ. అమ్మ ఆసుపత్రికెళ్లినా, అద్దె ఇల్లు చూడబోయినా మాటలు అటూ ఇటూ చేరవేసేది ఆ తొమ్మిదేళ్ల పిల్లే. పెద్దవాళ్ల కోపాన్ని కాస్త చల్లార్చి చెప్పడం అప్పటికే నేర్చింది. "మా మామయ్య మీ గుర్రానికి మెడ నొప్పిగా ఉందేమో అంటున్నాడు" అంది. గుర్రాల గురించి మీ మామయ్యకేం తెలుసన్నాడు వెర్న్. అక్క అది తిప్పి చెప్పేలోగా మామయ్య తాడు దాటి లోపలికెళ్లి, పట్టీ రెండు కన్నాలు వదులు చేసి, జేబురుమాలు మడిచి కిందికి తోశాడు. గుర్రం తల తెచ్చి ఆయన చంకలో పెట్టింది. వెర్న్ అది చూశాడు. తోలేవాడి బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

మేమిద్దరం లోపల, మామయ్య పైన. మొదటి మలుపు దాటాక వెర్న్ పగ్గాలు ఆయన చేతిలో పెట్టాడు. మాకది కనపడలేదు, తెలిసింది. బండి కుదుపు ఆగి, నీళ్ల మీద పోతున్నట్టు పోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసిన అక్క, "చాయో, మామయ్య వేరేవాడిలా ఉన్నాడు" అంది నాతో, ఇంట్లో నన్నలాగే పిలుస్తారు. నిచ్చెన మీద ఆయన భుజాలు ఎప్పుడూ ముందుకు వంగి ఉండేవి. అవి నిటారుగా ఉంటే ఎలా ఉంటాయో మేము అప్పటిదాకా చూడలేదు.

సాయంత్రం షెరీఫు జైలు మెట్ల మీద ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించాడు. ఈ ఊరిని కాపాడతాను, జైలు తలుపు దగ్గర కాపలా నిలబడతాను, చెడ్డవాణ్ణి గడప దాటనివ్వను. ఒక్కొక్కరినీ తన డిప్యూటీని చేసి గుండె మీద పోలీసు బిళ్లలాంటి రేకు నక్షత్రం గుచ్చాడు. నాకు వయసు చాలలేదని ఇవ్వలేదు, దారంతా ఏడ్చాను. అక్క ఆ రాత్రి నక్షత్రం తీయకుండానే పడుకుంది. మిగతా పిల్లలకు అది ఆట. మా అక్క మాటలు అటూ ఇటూ మోసే పిల్ల. నోటితో చెప్పిన మాటకు అర్థం ఉంటుందని నమ్మిన పిల్ల.

మర్నాడు సోమవారం. తొమ్మిది దాటాక నిచ్చెన పైనుంచి ఈల వినపడింది. వలస పోలీసుల ఆకుపచ్చ వ్యాన్లు వచ్చినప్పుడు వేసే ఈల అది. మామూలుగా అయితే మగవాళ్లు వాగువైపు పరుగెత్తేవాళ్లు. ఆ రోజు వాగువైపు నుంచి కూడా ఒక వ్యాను వచ్చింది. మామయ్యా, ఇంకో ముగ్గురూ గంధకపు గదిలోకి దూరి తలుపేసుకున్నారు. తెల్లారి పొగ వదిలేశారు కానీ ఘాటు అలాగే ఉంది, కళ్లు మండించే ఘాటు. కొట్టంలో మేమంతా తల ఎత్తకుండా పండు కోస్తున్నాం. ఆ గదిని పోలీసులు చూడలేదు. పనిముట్ల కొట్టు పక్కన మురికి చెక్కగది, దాన్ని ఎవరు చూస్తారు?

అక్క కత్తి కింద పెట్టింది. చేతులు గౌనుకు తుడుచుకుంది. నడుచుకుంటూ వెళ్లి గంధకపు గది తలుపుకు వీపు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. గుండె మీద నక్షత్రం. అచ్చం షెరీఫు చెప్పినట్టు.

అమ్మ అరవలేదు. అరిస్తే అందరూ అటు చూస్తారు. అమ్మ చేతిలో పండు నలిగి రసం మోచేతిదాకా కారడం మాత్రం నాకు గుర్తుంది.

ఒక ఆఫీసరు అక్కను చూశాడు. వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మంచిగానే మాట్లాడాడు, అది కూడా చెప్పాలి.

"ఏం డిప్యూటీ, లోపలెవరు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేని గదికి కాపలా ఎందుకమ్మా?"

ఆ ప్రశ్నకు ప్రమాణంలో మాట లేదు. ఎంతసేపు అలా నిలబడిందో నాకు తెలియదు. అడ్డం తప్పుకోమన్నాడు, తప్పుకోలేదు. అప్పుడు తలుపు లోపలినుంచి తెరుచుకుంది. మామయ్య ఒక్కడే బయటికొచ్చి వెనకాలే తలుపు మూసేశాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. "గంధకం అంటించి ఉందని చెప్పు, తెరిస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయని చెప్పు" అన్నాడు అక్కతో. అక్క ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరు ముక్కు పట్టుకుని నాలుగడుగులు వెనక్కేశాడు. లోపలున్న ముగ్గురూ మిగిలిపోయారు.

మామయ్య వ్యానుదాకా నడిచాడు. అక్క పిలిచింది. వెనక్కి తిరగలేదు. వ్యానులో కూర్చుని కిటికీ అవతలివైపు చూస్తూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అక్క నక్షత్రాన్ని ఆప్రికాట్ గింజల కుప్పలో విసిరేసింది. అమ్మ ఒక్క మాట అనలేదు, ఆ ముగ్గురూ వచ్చి అక్క తల నిమిరారు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని అక్క తర్వాత నాతో అంది.

ఆ కాలంలో సరిహద్దు దాటించినవాళ్లు పదిహేను రోజుల్లో మళ్లీ నిచ్చెన ఎక్కేవాళ్లు. ఆ రోజు వాగు దగ్గర పట్టుబడిన మరో ఇద్దరు ఆగస్టులో తిరిగొచ్చారు. మామయ్య రాలేదు. అమ్మకు ఉత్తరాలొచ్చేవి. నాన్నకు కాలు విరిగింది, ఆవు ఈనింది, పెళ్లి కుదిరింది, పిల్లలకు ముద్దులు. అక్క ప్రతి ఉత్తరాన్నీ చదివి వినిపించేది, తన పేరు కోసం వెతికేది. 'పిల్లలు' అనే మాట తప్ప ఏమీ ఉండేది కాదు. కోపం ఉన్నవాడు అలాగే రాస్తాడని తేల్చుకుంది. 1980లో పార్కు మూసే రోజున ఊళ్లో పిల్లలంతా వెళ్లి ఏడ్చారు, నేనూ వెళ్లాను. అక్క ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉండిపోయింది. అమ్మ పోయినప్పుడు సంతాపం చెప్పడానికి మామయ్య ఫోను చేస్తే, ఫోను నాకిచ్చి వాకిట్లోకి వెళ్లింది.

మూడేళ్లుగా ఆ పార్కును ప్రేమించినవాళ్లు ఫోన్లో ఒక గుంపు పెట్టుకుని పాత ఫొటోలు పంచుకుంటున్నారు. అందరూ తెల్లజుట్టు వాళ్లు. ఆ పడవ, ఆ కూత, ఆ వేయించిన మొక్కజొన్నల వాసన అని ఒకళ్లతో ఒకళ్లు నిట్టూర్చుకుంటారు. అక్క అన్నీ చూసేది. 2018 మేలో ఒకాయన ఫొటో పెట్టాడు: నాలుగు గుర్రాల బండి, పైన వెర్న్, పక్కన తెల్లచొక్కా మనిషి చేతిలో పగ్గాలు. కింద రాతలు. ఇతనెవరు, ఉద్యోగి కాడే అని ఒకరు. పాంచో వేషగాడేమో, వేషం మార్చుకునే లోపల ఎక్కి ఉంటాడని ఇంకొకరు, పక్కన నవ్వుతున్న బొమ్మ.

అక్క ఆ గుంపులో మొదటిసారి రాసింది: "ఇతని పేరు ఫిదెన్సియో కసిల్లాస్. వేషగాడు కాదు. ఆ రోజు మీరంతా చూసినవాళ్లలో నిజంగా గుర్రాలు తెలిసినవాడు ఇతనొక్కడే."

రాశాక నాకు ఫోను చేసి, సెలవులివ్వగానే హలీస్కో వెళ్తున్నాం, టిక్కెట్లు తీయమంది. "ఆయన ఇంకా కోపంగా ఉంటే ఆ మాట ఆయన నోటితోనే విని వస్తాను" అంది.

గ్వాదలహారాలో విమానం దిగి, బస్సెక్కి, ఎర్రమట్టి దారిలో ఒక కిలోమీటరు నడిచాం. మామయ్యకు డెబ్భై. మోకాలు వంగదు. చోలె అత్తయ్య మమ్మల్ని కావలించుకుని, "ఇన్నేళ్లు రాకపోతే చచ్చామనుకున్నారా, ఆస్తి పంచుకోడానికొచ్చారా?" అని నవ్వించింది. పొయ్యి మీద మేకమాంసం ఉడుకుతోంది. మామయ్య ఫొటోను ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తన ముఖాన్ని కాదు. "ఈ కుడివైపుది. ఇది తర్వాత బాగుపడిందా?" అని అడిగాడు.

అత్తయ్య వంటింట్లోకి వెళ్లాక అక్క అడిగింది. బస్సులో వందమంది పిల్లల్ని అదిలించే గొంతు సన్నగా వచ్చింది.

"మామయ్యా, నేనలా నిలబడకపోతే నిన్ను పట్టుకునేవాళ్లా?"

ఆయన అబద్ధం చెబుతాడేమోనని నేను ఎదురుచూశాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పట్టుకునేవాళ్లు కాదు. ఆ ఆఫీసరు అప్పటికే వ్యాను వైపు తిరిగాడు, చెక్క సందులోంచి చూశా" అన్నాడు.

అక్క తల ఊపింది, ఎప్పుడో తెలిసిన సంగతిని విన్నట్టు. "అందుకేగా నా ముఖం చూడకుండా వెళ్లావు."

"చూస్తే నువ్వు వెంటపడి వ్యానెక్కేదానివి, పిచ్చిదానా. మీ అమ్మకి ఏం సమాధానం చెప్పేవాణ్ణి?"

"మరి వాళ్లిద్దరూ తిరిగొచ్చారుగా. నువ్వెందుకు రాలేదు?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. గంధకంలో తడిగుడ్డ ముఖాన పెట్టుకుని కూర్చున్న ఆ కాసేపట్లో, తలుపు అవతల పిల్ల గొంతు మాత్రమే వినపడేదని చెప్పాడు. లోపల నలుగురు మగాళ్లు. వాళ్ల కోసం బయట బేరమాడుతున్నది తొమ్మిదేళ్ల పిల్ల.

"నాకు నీ మీద కోపం రాలేదు. సిగ్గేసింది. పిల్లలు కాపలా కాస్తే మగాళ్లు బతికే చోటికి మళ్లీ రాబుద్ధి కాలేదు. మిమ్మల్ని చూడాలనిపించని రోజు లేదు. చోలెనడుగు."

అక్కకు అప్పుడు కోపం వచ్చింది, యూనియన్ మీటింగులో వచ్చే అసలు కోపం. "నలభై నాలుగేళ్లు! ఈ ముక్క ఒక్క ఉత్తరంలో రాస్తే నీ సొమ్మేం పోయేది?"

"నాకు రాయడం వచ్చా ఏంటి? మందులకొట్టాయన రాసేవాడు, చదివి వినిపించేవాడు. ఆవు ఈనిందంటే రాస్తాడు. ఇది ఆయన ముందు ఎలా చెప్పను?"

ఆయనకు రాయడం రాదని మాకు తెలియదు. పెద్దవాళ్ల మాటలన్నీ మోసిన మా అక్కకు కూడా, ఈ మనిషి మాటను ఇన్నేళ్లూ ఎవరో మోసుకొచ్చారని తట్టలేదు. దారిలో ఒలికిపోయినదేమిటో తట్టలేదు.

"అయితే నేను కాపలా కాయకపోతే నువ్వు మా దగ్గరే ఉండేవాడివి" అంది చివరికి.

"ఉండేవాణ్ణి" అన్నాడాయన. "ఇంకో వేసవి, ఇంకో రెండు వేసవులు. తర్వాత ఇంకో తలుపు, ఇంకో పిల్ల."

అక్క తన కుర్చీని మట్టిలో ఈడ్చుకుంటూ తెచ్చి ఆయన కుర్చీకి ఆనించి కూర్చుంది. అన్నం చల్లారిపోతోందని అత్తయ్య రెండుసార్లు పిలిచింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.